గుహలో మాగిన ఘాటు

పాల డెయిరీలో క్యాన్లు దింపించుకునేచోట పనిచేసేవాడికి మొదటి పరికరం ముక్కే. మూత తీయగానే వాసన చూడాలి, తేడా అనిపిస్తే ల్యాబ్ పరీక్షల దాకా పోకుండానే క్యానును పక్కకి నెట్టించాలి. పులిసిన వాసన, పాక వాసన, మేత వాసన, ముక్కిపోయిన వాసన, దేనికది విడిగా పట్టుకోవడమే కృష్ణా జిల్లాలో నా ఉద్యోగంలో సగం. అలాంటివాణ్ణి తీసుకెళ్లి, స్పెయిన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఓవియెడో పట్టణంలో, ఎల్ ఫొంటాన్ మార్కెట్ దగ్గర ఒక చీజ్ దుకాణంలో నిలబెట్టింది. తలుపు తోయగానే నాకు తోచింది ఒకటే. ఈ సరుకంతా వెనక్కి పంపాలి!

స్పెయిన్ అనగానే మనకు ఎండ, ఎద్దులపోటీలు గుర్తొస్తాయి. ఓవియెడో రాజధానిగా ఉన్న ఆస్తూరియాస్ అలా ఉండదు. ఉత్తరాన సముద్రం, దక్షిణాన కొండలు, మధ్యలో తరచూ ముసురు, ఎటు చూసినా పచ్చిక, ఆవులు. తాగేది ఎక్కువగా యాపిల్ సైడర్. సీసాను తలపైకెత్తి, నడుము కింద పట్టుకున్న గ్లాసులోకి సన్నటి ధారగా పోస్తారు. పాలు సమృద్ధి కాబట్టి చీజ్‌లకూ లోటు లేదు. వాటిలో ఘాటుకు పేరుమోసింది కాబ్రాలెస్. పికోస్ దె యురోపా అనే సున్నపురాతి పర్వతాల ఒడిలో ఉన్న కాబ్రాలెస్ మండలంలోనూ, దాని పక్కనే ఉన్న మూడు ఊళ్లలోనూ తయారైనదానికే ఆ పేరు చెల్లుతుంది. 1981 నుంచి దానికి చట్టరీత్యా రక్షణ ఉంది.

నేను నేరుగా దానివైపే వేలు చూపిస్తే దుకాణంలో ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ముందే అది తింటే తర్వాత ఏం పెట్టినా నాలుకకి తెలీదంట నాన్నా" అంది అమ్మాయి. అందుకని మొదట అఫుయెగల్ పీతు, మెత్తగా, కాస్త పుల్లగా, అంగిలికి అంటుకునే రకం. తర్వాత లేత పొగ వాసనతో గామొనేవ్. రెండూ మర్యాదస్తులే. ఆ తర్వాత ఆవిడ మూడోదాని రేకు విప్పింది.

పైన చర్మం బూడిద, గోధుమ రంగులు కలిసి జిగటగా ఉంది. తీగతో కోసిన చోట లోపల దంతం రంగు, అందులో నీలం, ఆకుపచ్చ కలిసిన బొరియలు, పాయలు. కత్తి మొనకి అంటిన ముక్క ఒక పక్క పొడిపొడిగా రాలుతోంది, ఇంకో పక్క వెన్నలా సాగుతోంది. నోట్లో వేసుకుంటే మొదట ఉప్పు. వెంటనే నాలుక వెనక రెండు పక్కలా చురుక్కుమంది. మిరప మంట కాదు, పచ్చి కంద గీరినట్టు. అక్కణ్ణుంచి అమ్మోనియా ఘాటు ముక్కులోకి ఎక్కింది. కళ్లు చెమర్చాయి. అంతా అణిగాక, నేనసలు ఎదురుచూడని చోట, చిక్కటి పాల తీపి మిగిలింది.

"ఎలా ఉంది?"

"ఇంకో ముక్క అడుగమ్మా."

ఆ వాసనలో నాకు కొత్తవాడెవడూ లేడు. పాల కొవ్వులో బ్యుటిరిక్ ఆమ్లం లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. అవి గ్లిజరాల్‌కి అతుక్కుని ఉన్నంతసేపూ వాసన లేదు. లైపేజ్ ఎంజైమ్ వాటిని విడగొట్టిందంటే పాతబడ్డ వెన్న వాసన మొదలు. డెయిరీలో మేం భయపడేది దానికే. కాబ్రాలెస్‌లో సరిగ్గా ఆ పనికే పెనిసిలియం బూజును కూర్చోబెట్టారు. అది కొవ్వును విడగొట్టి ఊరుకోదు, విడిపోయిన ఆమ్లాల్ని కీటోన్లుగా మారుస్తుంది. నీలం చీజ్‌లన్నిటికీ ఉండే ఆ గుప్పుమనే వాసన వాటిదే. ప్రొటీన్లు విరిగే కొద్దీ అమ్మోనియా. మేక, గొర్రె పాలు కలిస్తే ఘాటు ఇంకో మెట్టు ఎక్కుతుంది, ఆ కొవ్వులో ఇలాంటి చిన్న ఆమ్లాలు ఎక్కువ. ఆవు పాలతోనే చేసేది ఎక్కువ గానీ, మందలు కొండమీదికెక్కే కాలంలో మూడు పాలూ కలిపి చేసినదాన్ని అక్కడివాళ్లు ప్రత్యేకంగా అడిగి కొంటారు.

చేసే పద్ధతిలో తొందర లేదు. సాయంత్రం పాలూ పొద్దుటి పాలూ కలిపి, మరిగించకుండా, కొద్దిగా రెనెట్ వేసి నిదానంగా గడ్డకట్టిస్తారు. గడ్డను కోసి అచ్చుల్లో నింపుతారు. బరువు పెట్టి నొక్కరు. కిటుకంతా ఇక్కడే ఉంది. నొక్కకపోవడంతో లోపల సందులు మిగులుతాయి, గాలి దూరుతుంది, గాలి వెంట బూజు దూరుతుంది. ఉప్పు పట్టించి, కొన్నాళ్లు ఆరబెట్టి, గుహకి చేరుస్తారు. సహజమైన సున్నపురాతి గుహలవి. వేడి 8 నుంచి 12 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం పైన. బండల పగుళ్లలోంచి వచ్చే చల్లగాలి చెక్క అరల మధ్య తిరుగుతూనే ఉంటుంది. కనీసం రెండు నెలలు, ఘాటు కావాలంటే ఇంకా ఎక్కువ. అన్నాళ్లూ ఎవరో ఒకరు వెళ్లి చీజ్‌లను తిరగేసి, తుడిచి రావాల్సిందే. పూర్వం మేపుల్ జాతి చెట్టు ఆకుల్లో చుట్టేవారు, ఇప్పుడు రేకు. పురుగు పడితేనే అసలు సిసలు కాబ్రాలెస్ అని పాతకాలపు మాట ఒకటుంది. దాన్ని నా ఉద్యోగబుద్ధి ఒప్పుకోదు.

ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఆరెనాస్ దె కాబ్రాలెస్‌లో పోటీ పెట్టి, గెలిచిన చీజ్‌ను వేలం వేస్తారు. 2023లో రెండు కిలోల పైచిలుకు బిళ్ల 30,000 యూరోలకు పోయి గిన్నిస్ రికార్డయింది. పాడుకున్నది ఓవియెడో పక్కనే ఉన్న ఒక సైడర్ హోటల్. ఆ డబ్బు చీజ్‌కి పెట్టింది కాదు, హోటల్ బోర్డుకి పెట్టింది అనుకోవాలి. ఒక్క ఏడాదిలో అంతకంటే మంచి ప్రచారం ఏ పేపరు ప్రకటన ఇస్తుంది? మామూలు దుకాణంలో నా ముక్కకి ఐదు యూరోలు కూడా కాలేదు.

కొనబోయేవాళ్లకి రెండు మాటలు. పాలు విరిచే రెనెట్ దూడ, మేకపిల్లల కడుపులోంచి తీసేది, కాబట్టి కట్టుదిట్టమైన శాకాహారులకు ఇది పనికిరాదు. పచ్చిపాల చీజ్ గనక గర్భిణులు ముట్టుకోకపోవడమే మంచిది. మిగతావాళ్లు తినబోయే గంట ముందు ఫ్రిజ్‌లోంచి బయటపెట్టుకోవాలి, చల్లగా ఉంటే ఉప్పు తప్ప ఏమీ తెలీదు. గాలిచొరని డబ్బాలో పెట్టకపోతే పక్కనున్న పెరుగూ అదే వాసన కొడుతుంది. భయపడేవాళ్లకి ఆస్తూరియాస్ హోటళ్లలో ఇంకో దారి ఉంది. మీగడలో కరిగించి, వేయించిన బంగాళాదుంపల మీద పోస్తారు. ఘాటు సగానికి సగం దిగిపోతుంది. మా అమ్మాయి దానికే ఓటు వేసింది. నాకు మాత్రం ఉత్తదే నచ్చింది, పక్కన రొట్టె ముక్క ఉంటే చాలు.