స్కిజోఫ్రీనియా : ఒకరి వ్యాధి, ఇంటిల్లిపాది భారం

శరీరానికి వచ్చిన జబ్బును నలుగురితో చెప్పుకొంటాము. మనస్సుకు వచ్చిన జబ్బును నాలుగు గోడల మధ్య దాచుకొంటాము. ఈ దాపరికం వలన కలిగే నష్టమెంతటిదో స్కిజోఫ్రీనియా అను వ్యాధిని పరిశీలించినచో తెలియగలదు.

స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ 1908లో ఈ పేరు పెట్టాడు. గ్రీకు మూలాలను బట్టి దీనికి ‘చీలిన మనస్సు’ అని అర్థం. అంతమాత్రాన ఒకే మనిషిలో ఇద్దరుంటారనుకొనుట సరికాదు. ఎవరూ పలుకని మాటలు వినబడడం, తనకెవరో కీడు తలపెట్టారని గట్టిగా నమ్మడం, ఆలోచనలకు పొంతన తప్పడం, పనిపైనా మనుషులపైనా ఆసక్తి నశించడం దీని ముఖ్య లక్షణాలు. ప్రపంచంలో 2 కోట్ల మందికి పైగా దీనితో బాధపడుతున్నారు.

ఈ వ్యాధి తరచుగా 20 ఏళ్ల ప్రాయంలో, అనగా చదువు ముగిసి సంపాదన ఆరంభం కావలసిన వేళ, తలయెత్తుతుంది. మందుల ఖర్చు కంటికి కనబడే భారం. కనబడనిది అంతకన్న పెద్దది. రోగి ఉపాధి కోల్పోతాడు. అతనిని కనిపెట్టుకొని ఉండుటకు తల్లియో, సోదరియో పని మానుకొంటుంది. ఒక్క వ్యాధి రెండు ఆదాయాలను హరిస్తుంది. దీనికి తోడు రోగులలో గుండెజబ్బులు, మధుమేహం హెచ్చు. కొన్ని మందులు శరీరపు బరువును పెంచుతాయి. మనస్సును చూచు వైద్యుడు శరీరాన్ని కూడ పరీక్షింపవలసిన అవసరమిదే.

చికిత్సకు బదులు సంకెళ్లు వేసిన చోట ఏమి జరిగినదో మనమెరుగుదుము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులుండే ఒక ఆశ్రమం దగ్ధమై 28 మంది మరణించారు. వారిలో అధికులు గొలుసులతో కట్టబడి ఉన్నందున తప్పించుకొనలేకపోయారు. దర్గా సన్నిధిని ఊరట కోరి తమవారిని అక్కడికి తెచ్చిన కుటుంబాలెన్నో. ప్రార్థన మనస్సుకు బలమిస్తుంది. అయితే మందు స్థానంలో సంకెల నిలువరాదు.

1952 నుండి ఈ వ్యాధికి మందులున్నవి. రోగులలో కనీసం ముగ్గురికొకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించి, చికిత్సను హక్కుగా ప్రకటించినది. 14416 అను టెలిమానస్ నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఇక మిగిలినది మన వంతు. తోటి విద్యార్థి ముభావియై తరగతికి రాకుండుట చూచినప్పుడు ‘పిచ్చి’ అని నవ్వక వైద్యుని యొద్దకు తోడు వెళ్లుదము. కోలుకొని వచ్చిన వానికి, ఆగిన చదువును కొనసాగించుటకు, కళాశాల తలుపులు తెరచి ఉంచవలెనని పాలకవర్గం వారిని కోరుదము.