జీవితాంత చికిత్సపై ముందస్తు వైద్య నిర్దేశం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యం

తెలుగులో 'వీలునామా' అనగానే ఆస్తి పంపకం స్ఫురిస్తుంది. దానికి మరణశాసనమనే పేరు కూడా ఉంది. కనుక 'లివింగ్ విల్'ను జీవన వీలునామా అంటే పెద్దల ముందు ఆ మాట ఎత్తడమే కష్టం. మాట్లాడలేని స్థితికి చేరినప్పుడు తనకు ఏ చికిత్స వద్దో, తన తరఫున ఎవరు నిర్ణయించాలో ముందే తెలిపే పత్రమిది. దీనిని 'ముందస్తు వైద్య నిర్దేశం' అనడం సముచితం.

కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న ఈ పత్రానికి చట్టబద్ధత కల్పించింది. ప్రాణం తీసే మందు ఇవ్వడానికి ఇది అనుమతి కాదు. కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమ ప్రాణాధారాన్ని తొలగించడానికి, లేదా ప్రారంభించకుండా ఉండడానికి మాత్రమే వర్తిస్తుంది. రోగి స్వయంగా చెప్పగలిగినంత కాలం అతని మాటే ప్రమాణం.

అయితే నాటి విధానం ఆచరణకు అందలేదు. పత్రంపై మేజిస్ట్రేట్ సంతకం కావాలి. కలెక్టర్ నియమించే రెండవ వైద్య మండలిలో 20 ఏళ్ల అనుభవమున్న నిపుణులు ఉండాలి. 2016లో ఏర్పడిన ఈ మూడు జిల్లాలలో అటువంటి మండలిని సమకూర్చడం సులభం కాదు; పెద్ద వైద్యానికి జనం వరంగల్ ఎం.జి.ఎం. వైపే చూసేవారు. 2023 జనవరి 24న న్యాయస్థానం అనుభవ నియమాన్ని 5 ఏళ్లకు తగ్గించింది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అంటే నిర్ణయం జిల్లాలోనే జరిగే వీలు ఇప్పుడు ఏర్పడింది.

ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసిన పత్రాన్ని నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. ఒక ప్రతిని పంచాయతీ లేదా మునిసిపాలిటీ నియమించిన అధికారికి అందజేయాలి. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది: అర్ధరాత్రి అత్యవసర విభాగంలో పంచాయతీ బీరువాలోని కాగితం అక్కరకు రాదు. పత్రంలో పేర్కొన్న బంధువుల దగ్గరా ప్రతి ఉండాలి.

చికిత్స ఆపడమంటే రోగిని వదిలివేయడం కాదు. "ఇంటికి తీసుకుపొండి" అన్న మాటతో వైద్యుని బాధ్యత తీరదు. నొప్పి, ఆయాసం తగ్గించే ఉపశమన సేవ కొనసాగాలి. తెలంగాణలో ఇంటి వద్ద ఈ సేవ అందించే 'ఆలన' కార్యక్రమం ఉంది.

గెజిటెడ్ హోదా గల కళాశాల అధ్యాపకులకూ ఈ ధ్రువీకరణ అభ్యర్థన రావచ్చు. రాసినవారు అర్థం చేసుకొని, ఒత్తిడి లేకుండా రాశారని తాము నమ్మినట్లు వారు నమోదు చేయాలి. మహబూబాబాద్ తండా నుంచి వచ్చిన వృద్ధురాలికి తెలుగు కన్నా లంబాడీ దగ్గరైతే, సంతకానికి ముందు ఆ భాషలోనే పత్రాన్ని చదివి వినిపించాలి.