కాలువగట్టున కుంచె పట్టిన బాలుడు

తెనాలి కాలువగట్టున కూర్చుండి ఒక బాలుడు ఎదుటి వంతెనను, ఇండ్లను నీటిరంగులతో చిత్రించుచుండినచో, పనిలేనివాడని మనము కసరుదుము. ఉపాధ్యాయుడనై యుండగా నేనును ఒకని నట్లే కసరితిని, నేడు పశ్చాత్తాపపడుచున్నాను. ఆ పనియందు ఎంతటి శ్రద్ధ కలదో వినుడు.

నీటిరంగులలో కాగితపు తెలుపే వెలుగు. ఎండపడిన చోటును కుంచె తాకక విడువవలెను. లేతవన్నెలు ముందు, చిక్కనివి పిమ్మట పూయుదురు. తొలిపూత సగ మారగానే రెండవది పూసినచో మరకలు పడును. ఆరుబయట మరియొక చిక్కు కలదు: చూచుచుండగనే నీడలు జరిగిపోవును. కావున నీడల హద్దులను మొదటనే పెన్సిలుతో గుర్తించుకొనవలెను. మిట్టమధ్యాహ్నము నీడలు కురుచనగును, రంగు వెంటనే ఆరిపోవును; ఉదయ సాయంకాలములే మేలు.

రాజమహేంద్రవరమున కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర, దామెర్ల రామారావు (1897–1925) నేర్పును బాల్యముననే గుర్తించి ప్రోత్సహించెను. తెనాలికి చేరువనున్న తుమ్మపూడిలో సంజీవదేవ్ (1914–1999) ప్రకృతిదృశ్యములను చిత్రించెను.

బాపట్ల భావనారాయణస్వామి గాలిగోపురము 2011లో కూలినది. గోపురమును మరల కట్టవచ్చును. కాని పాతగోపురముపై ప్రొద్దుటెండ ఎట్లు దిగెడిదో, దాని యెదుట కూర్చుండి చిత్రించినవాడే చూపగలడు. ఊరి రూపు మారకమునుపే దానిని నిదానముగా చూచు కన్నులు మనకు కావలెను.

కావున రేపల్లె స్టేషనువద్దనో, మీ యూరి చెరువుగట్టుననో కుంచె పట్టిన బిడ్డ కనబడినచో కసరకుడు. చెంబెడు నీళ్లిచ్చి, వానికి వెలుతురు అడ్డము రాకుండ ప్రక్కగా నిలువుడు.