మీకు తెలుసా? కరెంటు బండికి అంత ధర దేనికి?

మీకు తెలుసా, 2024లో బెంగళూరులో 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాల 10 సెకన్లు పట్టిందని టామ్‌టామ్ సంస్థ లెక్కగట్టింది. అంటే గంటకు 18 కిలోమీటర్లు కూడా కాదు. ఇదే ఊరి కంపెనీ ఏథర్, అదే ఏడాది జనవరిలో గంటకు 100 కిలోమీటర్లు పోయే 450 అపెక్స్ కరెంటు స్కూటర్‌ను 1.89 లక్షల షోరూం ధరకు తెచ్చింది. బండి గొప్పదే. 40 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి 2.9 సెకన్లు చాలు. కానీ సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్‌లో రోజూ నిలబడేవారికి ఆ వేగం ఎన్నిసార్లు దక్కుతుంది?

అపెక్స్‌తో వచ్చిన ముఖ్యమైన కొత్తదనం మ్యాజిక్ ట్విస్ట్. యాక్సిలరేటర్‌ను వెనక్కి తిప్పితే బ్రేకు నొక్కకుండానే బండి నెమ్మదిస్తుంది, కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఆగి ఆగి సాగే దారుల్లో ఇది నిజంగా పనికొచ్చేదే. సరిగ్గా ఏడాదికి, 2025 జనవరిలో, అదే సదుపాయం తక్కువ ధర 450ఎక్స్‌కూ వచ్చింది! అప్పటి షోరూం ధరలు చూడండి: 3.7 యూనిట్ల బ్యాటరీ ఉన్న 450ఎక్స్ 1.57 లక్షలు, అంతే బ్యాటరీ ఉన్న అపెక్స్ 2 లక్షలు. పరీక్షల లెక్కలో ఒక ఛార్జికి 450ఎక్స్ 161 కిలోమీటర్లు, అపెక్స్ 157. అదనపు సదుపాయాలిచ్చే ప్రో ప్యాక్‌కు 450ఎక్స్‌లో విడిగా కట్టాలి కాబట్టి అది కూడా కలిపాకే రెండు ధరల్నీ పోల్చాలి. అయినా ఆఫీసుకెళ్లి వచ్చే మనిషికి 450ఎక్సే చాలని నా మాట.

బెంగళూరు వాళ్లదే అయిన అల్ట్రావయొలెట్ ఎఫ్77 మోటార్‌సైకిల్ 2022 నవంబరులో 3.8 లక్షలకు మొదలైంది. 2024 ఏప్రిల్‌లో దాని కొత్త రూపం మాక్ 2 వచ్చింది, అదే 7.1 యూనిట్ల బ్యాటరీతో, 2.99 లక్షల ఆరంభ ధరకు. ఏడాదిన్నర ఆగినవారికి 80 వేలు మిగిలాయి.

అన్ని ధరలూ బండిలోని గొప్పతనం వల్లే పెరగవు. 2023 జూన్ 1న కేంద్రం సబ్సిడీని యూనిట్ బ్యాటరీకి 15 వేల నుంచి 10 వేలకు దించింది. బండి ధరలో 40 శాతం దాకా ఉన్న పరిమితిని 15 శాతానికి కుదించింది. రాత్రికి రాత్రి బండిలో ఏమీ మారలేదు, బిల్లు మాత్రం మారింది.

ఒక్క ఖర్చు విషయంలో మాత్రం బేరం వద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాతే బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 నిబంధనలు గట్టిపడి, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి చివరి నుంచి రెండు విడతలుగా అమలయ్యాయి. వాటి ప్రకారం బ్యాటరీలో ఒక సెల్ వేడెక్కితే ఆ మంట పక్క సెల్‌కు పాకకూడదు, లోపలికి నీళ్లు చేరకూడదు. ఇవన్నీ డబ్బుతో వచ్చేవే. ఆ డబ్బు పెట్టడం న్యాయం.

పెట్రోలు మిగులుతుంది కదా అంటారు. నిజమే. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున 300 రోజులు తిరిగితే, లీటరుకు 45 ఇచ్చే స్కూటర్ ఏటా సుమారు 20 వేల పెట్రోలు తాగుతుంది. యూనిట్ 6 రూపాయలనుకుంటే అదే దూరానికి కరెంటు రెండు, రెండున్నర వేలకు మించదు. కానీ ఆ మిగులు చవక కరెంటు బండికీ ఖరీదైన దానికీ దాదాపు ఒకటే. పైమోడల్‌కు అదనంగా పెట్టిన డబ్బు పెట్రోలు లెక్కతో తిరిగి రాదు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఎక్కువ ధరను నిలబెట్టగలిగేది పెద్ద బ్యాటరీ, దీర్ఘకాల వారంటీ. ఏథర్ విడిగా అమ్మే ఎయిట్70 వారంటీ 8 ఏళ్లు లేదా 80 వేల కిలోమీటర్ల దాకా బ్యాటరీ ఆరోగ్యం 70 శాతం కంటే తగ్గదని హామీ ఇస్తుంది. పాత బండిని అమ్మేరోజున కొనేవాడు మొదట అడిగేది బ్యాటరీ సంగతే.

పీజీలోనో అపార్టుమెంటులోనో ఉండేవారు ఇంకోటి చూసుకోవాలి. ఏథర్ బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకునేది కాదు. కింద పార్కింగ్‌లో ప్లగ్ పెట్టుకోవడానికి ఇంటి ఓనరు ఒప్పుకున్నాకే, వారంటీ కాగితం మొత్తం చదివాకే అడ్వాన్సు కట్టండి.