కదిలే పన్నును తీయించుకునే ముందు

"డాక్టరుగారూ, పన్ను కదులుతోంది, పీకేయండి" అంటూ వచ్చేవారిని మా దంత విభాగంలో తరచు చూస్తుంటాము. చాలామందిలో పన్ను బాగానే ఉంటుంది. చెడినది దాని చుట్టూ ఉన్న ఆధారమే.

పంటి వేరుకు, దవడ ఎముకకు మధ్య సన్నని నారపొర ఉండి పన్నును పట్టి ఉంచుతుంది. గార పేరుకుని చిగుళ్ళు వాచినప్పుడు ఈ పొర, ఎముక కొద్దికొద్దిగా కరిగిపోతాయి. గార తీయిస్తే జబ్బు ఆగుతుంది గాని, పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ఎందుకంటే ఖాళీ అయిన చోటును చిగుళ్ళ పైపొర ముందుగా పెరిగి ఆక్రమిస్తుంది.

1982లో స్వీడన్‌కు చెందిన స్టూరె నీమన్ బృందం ఆ పైపొరకు అడ్డుగా పలుచని తెర పెట్టి, నారపొర కణాలకు చోటు కల్పించింది. పంటి ఆధారం మళ్ళీ పెరిగింది! ఈ నారపొరలో మూలకణాలు ఉన్నాయని 2004లో తేలింది. టోక్యో మహిళా వైద్య విశ్వవిద్యాలయంవారు రోగుల సొంత పంటి కణాలనే పలుచని పొరలుగా పెంచి, పదిమందికి అమర్చి, మంచి ఫలితాలను 2018లో ప్రకటించారు. దీనినే కణజాల ఇంజనీరింగ్ అంటారు.

కణాల పద్ధతి ఇంకా అందరికీ అందుబాటులోకి రాలేదు. తెర పద్ధతి వాడుకలో ఉంది. అయితే పంటి పక్కన లోతైన, ఇరుకైన గుంట ఉన్నచోటనే అది బాగా పనిచేస్తుంది. ఎముక అంతా పోయాక చేయగలిగినది తక్కువ. పొగ త్రాగేవారికి, షుగరు అదుపులో లేనివారికి ఫలితమూ తక్కువే.

కనుక పళ్ళు తోముకునేటప్పుడు రక్తం కనబడితే వెంటనే చూపించుకోండి. దేవుడిచ్చిన పన్నును నిలుపుకొనే సమయం అదే.