కూడలి పట్టణమగుట ఎట్లు?

నాలుగు బాటలు కలసిన చోట నలుగురు చేరుదురు. బస్సు ఆగును, దాని వెంట టీ కొట్టు, పంక్చరు దుకాణము, ఎరువుల కొట్టు వచ్చును. ఇట్టి గ్రామములు మన జిల్లాలలో అనేకము కలవు. అయితే బస్సు దిగినవారందరు మరియొక బస్సెక్కి వెడలిపోవుచున్నంత కాలము అది కూడలియే గాని పట్టణము కాదు. అక్కడివారికి అక్కడనే పని దొరకి, చుట్టుప్రక్కల రైతు తన సరుకును అక్కడనే అమ్ముకొని, బిడ్డల చదువునకు, వైద్యమునకు వేరొక ఊరు పోనవసరము లేనప్పుడే అది తన కాళ్లపై నిలిచిన పట్టణమగును. ఈ మార్పు ఎట్లు జరుగునో తెలిసికొనుటకు విజయవాడ చరిత్ర మనకు మిక్కిలి ఉపకరించును.

బెజవాడ యని పేరొందిన ఈ నగరము 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడువరకు జిల్లా కేంద్రము కాదు. కృష్ణా జిల్లాకు మచిలీపట్నమే కేంద్రము. కలెక్టరు కచేరి లేకయే ఈ ఊరు ఇంతగా పెరుగుటకు దారులే మూలము. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట వలన కాలువలు ఏర్పడెను. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక, ధాన్యపు పడవలకు బాటలైనవి. 1889లో సికిందరాబాదు వైపునుండి రైలు వచ్చెను. పిమ్మట కృష్ణపై రైలు వంతెన, తూర్పుతీరపు రైలు మార్గము ఏర్పడెను. 1899లో మదరాసుతో సంబంధము కుదిరెను. నేడు కలకత్తా – చెన్నై రహదారియు, హైదరాబాదు – మచిలీపట్నము రహదారియు అక్కడనే కలియుచున్నవి.

అయితే దారులు కలిసినంత మాత్రమున పట్టణము కాదు. సరుకు ఒక బండి దిగి మరియొక బండి ఎక్కులోపల కొంతకాలము నిలువవలెను. నిలుచుటకు గిడ్డంగి, తూచుటకు కాటా, కొనుటకు వర్తకుడు, మోయుటకు హమాలీ కావలెను. బెజవాడ పాత బస్తీలోని టోకు బజారులు ఇట్లు పెరిగినవే. లారీలు చేరిన చోటికి వానిని బాగుచేయు పనివారును చేరిరి. అక్కడి ఆటోనగరులో ఇంజను మరమ్మతు చేయువారు, బాడీలు కట్టువారు, విడిభాగములు అమ్మువారు వేలమంది జీవించుచున్నారు. దారిన పోవు బండి ఆగి, పని చేయించుకొని, కూలి ఇచ్చి పోవుచున్నది. కూడలి పట్టణమగుటలోని కీలకము ఇదియే.

రెండవ కారణము స్థానిక పరిపాలన. రైలు సికిందరాబాదు నుండి చేరకముందే, 1888లో, బెజవాడ పురపాలక సంఘము ఏర్పడెను. 1981లో అది నగరపాలక సంస్థ అయినది. వీధులు, దీపములు, మంచినీరు చూచు బాధ్యతయు, అందుకు పన్ను వసూలుచేయు అధికారమును ఊరిలోని సంస్థకే కలిగినవి.

ఇక బెజవాడ నేర్పిన చేదు పాఠము ఒకటి కలదు. ఊరు పెరుగుచు బుడమేరు వాగు పల్లములలోనికి వ్యాపించెను. 2024 సెప్టెంబరు ఆరంభమున కురిసిన కుండపోత వానలకు బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి, సింగునగరు మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీట మునిగెను. వాన మన చేతిలో లేదు. వాగునకు చోటు విడుచుట మాత్రము మన చేతిలో ఉన్నది.

1992 నాటి 73వ సవరణచే రాజ్యాంగములో చేరిన పదునొకండవ షెడ్యూలు రోడ్లు, కల్వర్టులు, త్రాగునీరు, సంతలను పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొన్నది. కావున కూడలి గ్రామముల పంచాయతీ సభ్యులు ముందుగా చేయదగినవి ఇవి. గ్రామపటము తెప్పించి వాగులను, చెరువులను, డొంకలను గుర్తించి, వానిపై ఆక్రమణ జరుగకుండ చూడవలెను. బస్సులకు, లారీలకు, సంతకు వేర్వేరు స్థలములు ఇప్పుడే ఏర్పరుపవలెను. లేనియెడల అవి రోడ్డు మీదనే నిలిచి ప్రమాదములకు కారణమగును. ఇండ్లు లేచిన పిమ్మట మురుగు కాలువ త్రవ్వుట బహు కష్టము. కావున కాలువ ముందు, ఇల్లు వెనుక రావలెను. అనుమతి లేని లేఅవుటులలో స్థలము కొనవలదని గ్రామసభలో అందరికి తెలియజెప్పవలెను. మరమ్మతు పనులలో యువకులకు శిక్షణ ఇప్పించు మార్గము వెదకవలెను.

సంతకై ఒక ఎకరము విడుచుట నేడు మనకు నష్టముగ తోచవచ్చును. ఊరు పెరిగిన పిమ్మట ఆ ఎకరమును కొనవలసివచ్చినచో పంచాయతీ ఆదాయమంతయు చాలదు. బాట మన ఊరికి జనమును తెచ్చును. వారు నిలుచుటకు తగిన ఊరిని నిర్మించుట మన పని.