గది అద్దెతో వచ్చే పాయింట్లు ఎవరి సొత్తు?

కొత్తపేట మండలంలోని పలివెల పేరు వినగానే ఎవరికైనా ముందు కొప్పేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. కోనసీమలోని అనేక గ్రామాల వలెనే ఆ చుట్టుపక్కల పల్లెల్లోనూ కువైట్, మస్కట్, దుబాయి పేర్లు పొరుగూళ్ల పేర్లంత పరిచయమైనవి. ఇంటి ఆడపడుచో, పెద్ద కొడుకో అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి పంపిన సొమ్ములో అప్పులు తీరగా, పెళ్ళిళ్లు కాగా మిగిలిన కొద్దిపాటి మొత్తంతో తల్లిదండ్రులను ఉమ్రాకు పంపాలన్న కోరిక మన కుటుంబాల్లో సహజం. ఆ సొమ్ములో విమాన టిక్కెట్ల తరువాత పెద్ద భాగం పోయేది హోటల్ గదులకే. ఒకప్పుడు ప్రయాణికుడు దారిలో బంధువుల ఇంటనో, మస్జిదు వసారాలోనో, ముసాఫిర్‌ఖానాలోనో తలదాచుకునేవాడు. నేడు శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఒక రాత్రి, మక్కాలో ఐదారు రాత్రులు, మదీనాలో మరికొన్ని రాత్రులు, అన్నీ హోటళ్లలోనే.

హోటల్ కౌంటరు దగ్గర పాస్‌పోర్టులు తీసుకుంటూ అక్కడి ఉద్యోగి తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మీరు మా సభ్యులా? చాలామంది అర్థం కాక కాదని తల ఊపి, తాళం తీసుకుని గదికి వెళ్ళిపోతారు. ఆ ప్రశ్న వెనుక ఉన్నదే లాయల్టీ ప్రోగ్రాం. పదే పదే తమ హోటళ్లలోనే దిగే అతిథికి సంస్థ ఇచ్చే పాయింట్లు, తగ్గింపులు, మర్యాదలు అన్నీ కలిపి ఆ పేరుతో పిలుస్తారు. ఇందులో లాభం ఎంత, ధర్మం ఏమి చెబుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ లాభం ఎవరికి చెందాలి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ఈ పద్ధతి విమానాలతో మొదలైంది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్ల లెక్కన బహుమానాలు ఇవ్వడం ప్రారంభించింది. రెండేళ్లకే, 1983లో, హాలిడే ఇన్, మారియట్ సంస్థలు హోటల్ రంగంలోకి దానిని తెచ్చాయి. 1987లో హిల్టన్ అనుసరించింది. నేడు హరమ్ షరీఫ్‌కు ఎదురుగా గడియారపు బురుజు ఉన్న భవన సముదాయంలోని ఫెయిర్‌మాంట్, స్విస్సోటెల్, రాఫిల్స్, పుల్‌మాన్ హోటళ్లు అకోర్ అనే ఫ్రెంచి సంస్థ నిర్వహణలో ఉన్నాయి. హిల్టన్, మారియట్ సంస్థల హోటళ్లు కూడా హరమ్ చుట్టూ ఉన్నాయి. కనుక ఈ సంగతి వ్యాపారులకు, ధనవంతులకు మాత్రమే పనికివచ్చేది కాదు. కోనసీమ నుండి బయలుదేరే ఒక సామాన్య యాత్రికుడు కూడా తెలియకుండానే ఈ లెక్కల మధ్యకు అడుగుపెడుతున్నాడు.

లాభం ఎంతో ముందు చూద్దాం. అకోర్ పథకంలో ప్రాథమిక స్థాయి సభ్యునికి ఎక్కువ హోటళ్లలో ప్రతి 10 యూరోల ఖర్చుకు 25 పాయింట్లు వస్తాయి. 2,000 పాయింట్లు పోగైతే బిల్లులో 40 యూరోలు తగ్గిస్తారు. అంటే 800 యూరోలు ఖర్చు చేసినవారికి 40 యూరోలు, నూటికి ఐదు. మారియట్ పథకంలో ఎక్కువ హోటళ్లలో డాలరుకు 10 పాయింట్లు ఇస్తారు. పాయింట్లతో వరుసగా ఐదు రాత్రులు తీసుకుంటే ఒక రాత్రికి పాయింట్లు వసూలు చేయరు. ఏడాదిలో 10 రాత్రులు బస చేసినవారు సిల్వర్, 25 రాత్రులైతే గోల్డ్, 50 అయితే ప్లాటినం స్థాయికి చేరుతారు. స్థాయి పెరిగే కొద్దీ గది ఖాళీ చేసే వేళ పొడిగింపు, వీలును బట్టి మెరుగైన గది, కొన్ని చోట్ల ఉదయపు అల్పాహారం వంటివి లభిస్తాయి. మోకాళ్ల నొప్పులతో నడవలేని తల్లికి లిఫ్టుకు దగ్గరి గది, మధ్యాహ్నం నాలుగు వరకు గదిలో ఉండే వెసులుబాటు దొరికితే, అది నలభై యూరోల కన్నా విలువైనదే. సభ్యత్వానికి రుసుము లేదు. పేరు, ఈమెయిల్ ఇస్తే చాలు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. ఈ పాయింట్లు సాధారణంగా హోటల్ సొంత వెబ్‌సైటులోనో, యాప్‌లోనో, ఫోనులోనో నేరుగా బుక్ చేసుకున్న గదులకే వస్తాయి. ఇతర బుకింగ్ సైట్ల ద్వారా తీసుకున్న గదులకు, టూర్ ఏజెంట్లు టోకు ధరకు కొన్న గదులకు రావు. మన యాత్రికుల్లో అత్యధికులు వెళ్ళేది ప్యాకేజీల్లోనే. కనుక ప్యాకేజీ అమ్మేటప్పుడు పాయింట్లు కూడా వస్తాయని ఎవరైనా ఆశ చూపితే, గది ఏ ధర పద్ధతిలో తీసుకున్నారో అడగవలసి ఉంటుంది. ప్యాకేజీ చవకగా ఉంటే పాయింట్ల కోసం దానిని వదులుకోవడం వివేకం కాదు. నూటికి ఐదు వచ్చే లాభం కోసం నూటికి ఇరవై ఎక్కువ చెల్లించేవారిని ఏమనాలి?

మరొక వల క్రెడిట్ కార్డు. హోటల్ సంస్థలు బ్యాంకులతో చేతులు కలిపి కార్డులు తెస్తున్నాయి. మన దేశంలో మారియట్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కలిసి 2023 ఆగస్టులో అటువంటి కార్డును విడుదల చేశాయి. గడువులోగా మొత్తం చెల్లించేవారికి వడ్డీ పడదు. ఆ షరతుతో కార్డు వాడకాన్ని అనుమతించిన ధర్మవేత్తలు ఉన్నారు, వడ్డీ ఒప్పందంపై సంతకమే చేయరాదని వారించినవారూ ఉన్నారు. కానీ గడువు దాటిందా, బకాయిపై వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకు మూడున్నర శాతం ప్రాంతంలో ఉంటుంది. దానిపై జీఎస్టీ అదనం. పాయింట్ల రూపంలో వచ్చిన ఐదు శాతం నెలన్నర తిరగకముందే హరించుకుపోతుంది. డబ్బు నష్టం సంగతి అటుంచి, దివ్య ఖుర్ఆన్ అంత తీవ్రంగా నిషేధించిన వడ్డీని భుజాన వేసుకుని కాబా చుట్టూ తవాఫ్ చేయడం ఎటువంటి ఆరాధన? ఈ ఒక్క విషయంలో మేము మెత్తగా మాట్లాడలేము. ఉమ్రా స్థోమత ఉన్నవారికే. పాయింట్ల కోసం అప్పు చేసి వెళ్ళమని ధర్మం ఎవరినీ అడగలేదు.

రుసుము చెల్లించి కొనే సభ్యత్వాల విషయం వేరు. విజయవాడ, హైదరాబాద్ వంటి నగరాల్లో ఉన్నవారికి ఈ ఫోన్లు అలవాటే: లక్కీ డ్రాలో మీ నంబరు ఎంపికైంది, దంపతులిద్దరూ ఫలానా హోటలుకు విందుకు రండి, బహుమతి తీసుకెళ్ళండి అంటారు. అక్కడ రెండు మూడు గంటలు కూర్చోబెట్టి, ఏళ్ల తరబడి చెల్లించవలసిన సభ్యత్వాన్ని అంటగట్టే ప్రయత్నం చేస్తారు. ముందుగా డబ్బు కట్టి, తరువాత ఎన్నిసార్లు వాడుకుంటామో, ఎంత లాభం వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని బేరాన్ని ఫిఖ్ పరిభాషలో గరర్ అంటారు. మక్కాలోని రాబితా ఆలమె ఇస్లామీకి చెందిన ఫిఖ్ అకాడమీ 2006లో తగ్గింపు కార్డుల గురించి చర్చించి, డబ్బుకు అమ్మే కార్డులు ధర్మసమ్మతం కావని, ఉచితంగా ఇచ్చేవి తీసుకోవచ్చునని తీర్మానించింది. ఉచిత సభ్యత్వంలో వచ్చే పాయింట్లను ధర్మవేత్తలు అమ్మకందారు తన ధరలో ఇచ్చే తగ్గింపుగానో, కానుకగానో పరిగణిస్తారు. హోటళ్ల నిబంధనలు చదివినా అదే తేలుతుంది. పాయింట్లు సభ్యుని ఆస్తి కావనీ, సంస్థ ఎప్పుడైనా విలువ మార్చవచ్చుననీ, రద్దు చేయవచ్చుననీ వాటిలో ఉంటుంది. మారియట్ 2022లో ఒక్కొక్క హోటలుకు ఇన్ని పాయింట్లని నిర్ణయించిన పట్టికనే తీసివేసింది. ఆ పథకంలో 24 నెలలు ఏ కదలికా లేకుంటే పాయింట్లు చెల్లిపోతాయి. అందువల్ల వాటిని బంగారం వలె దాచుకోవడం తెలివి కాదు, వచ్చినప్పుడు వాడుకోవడమే మేలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. గది ఒకరి పేరున, డబ్బు మరొకరిది అయినప్పుడు పాయింట్లు ఎవరివి?

పలివెల నుండి, చుట్టుపక్కల గ్రామాల నుండి ఇరవై మంది కలిసి ఉమ్రాకు బయలుదేరారనుకుందాం. వారిలో చదువుకున్న ఒకాయన అందరి సొమ్ము వసూలు చేసి, గదులు నేరుగా తన ఖాతాలో బుక్ చేశాడు. గుంపుగా తీసుకున్న గదులకు నిర్వాహకుని పేరున పాయింట్లు ఇచ్చే ఏర్పాట్లు కొన్ని సంస్థల్లో ఉన్నాయి. ఆ పాయింట్లతో ఆయన మరుసటి సంవత్సరం తన కుటుంబంతో కలిసి ఉచితంగా బస చేయవచ్చు. ఇరవై మందికీ ఈ సంగతి తెలియదు. దొంగతనం అని ఎవరూ అనరు. పైగా మనకు ఇంత సేవ చేశాడని దుఆ చేస్తారు.

బుఖారీ గ్రంథంలో హజ్రత్ ఉర్వా అల్ బారిఖీ (రజి) గురించిన ఒక సంఘటన నమోదై ఉంది. దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చి ఒక గొర్రెను కొనుక్కురమ్మన్నారు. ఆయన బేరం తెలిసిన మనిషి. ఆ ఒక్క దీనారుతో రెండు గొర్రెలు కొన్నాడు. వాటిలో ఒకదానిని ఒక దీనారుకు అమ్మాడు. తిరిగి వచ్చి గొర్రెనూ, దీనారునూ రెండింటినీ దైవప్రవక్త (స) ముందు ఉంచాడు. అడిగింది ఒక గొర్రె మాత్రమే. గొర్రె అప్పగించి దీనారు జేబులో వేసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ తన తెలివితో వచ్చిన లాభం కూడా సొమ్ము ఇచ్చినవారిదేనని ఆయన గ్రహించాడు. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని ప్రార్థించారు. ఆ తరువాత ఆయన మట్టి కొన్నా లాభం వచ్చేదని ఉల్లేఖకులు చెబుతారు.

ఫిఖ్ గ్రంథాల్లో ఇటువంటి ప్రతినిధిని వకీల్ అంటారు. మన కోర్టు వకీలు కాదు, మన తరఫున కొనుగోలు చేసేవాడు. అమ్మకందారు ధర తగ్గిస్తే ఆ తగ్గింపు వకీలుకు కాక, అతనిని పంపినవారికే చెందుతుందని హనఫీ ధర్మవేత్తలు స్పష్టం చేశారు. దీనిని బట్టి ఇరవై మంది సొమ్ముతో వచ్చిన పాయింట్లు ఇరవై మందివి. ఇరవై భాగాలు చేయడం సాధ్యం కాకపోతే, వాటిని ఆ ప్రయాణంలోనే వాడి అందరి ఖర్చు కొంత తగ్గించవచ్చు. లేదా వారిలో వృద్ధులకు మెరుగైన గది ఇప్పించవచ్చు. నా శ్రమకు ప్రతిఫలంగా పాయింట్లు నేను తీసుకుంటానని ముందే చెప్పి, వారు మనస్ఫూర్తిగా అంగీకరిస్తే అది కూడా న్యాయమే. తేడా అంతా చెప్పడం, చెప్పకపోవడంలోనే ఉంది. వృత్తిగా యాత్రలు నడిపే ఏజెంటు తన పేరున గదులు కొని, మొత్తానికి ఒక ధర చెప్పి అమ్మితే అతడు వ్యాపారి, వకీల్ కాడు. అతని లాభం అతనిదే. అయితే అసలు ఖర్చులు మీవి, నాది సేవా రుసుము మాత్రమే అని చెప్పి తీసుకెళ్ళేవాడు ఈ లెక్క నుండి తప్పించుకోలేడు.

ఉద్యోగుల విషయం దీనికి దగ్గరిదే. కోనసీమ నుండి వెళ్ళి హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసే యువకులు కంపెనీ ఖర్చుతో నెలల తరబడి హోటళ్లలో ఉంటారు. పాయింట్లు వారి సొంత ఖాతాలో పడతాయి. ఎన్నో సంస్థలు వాటిని ఉద్యోగికే వదిలేస్తాయి. ఆ అనుమతి ఉన్నప్పుడు సందేహం లేదు. నిబంధనల్లో ఏమీ లేకపోతే ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది. పాయింట్ల కోసం చవక గది వదిలి ఖరీదైన గది ఎంచుకోవడం మాత్రం అనుమతి ఉన్నా తప్పే, ఎందుకంటే అక్కడ పరుల సొమ్ముతో మన కానుకను కొంటున్నాము. జకాత్ వసూలుకు వెళ్ళిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగి వచ్చి కొంత సొమ్ము జకాత్‌దని, కొంత తనకు కానుకగా వచ్చిందని వేరు చేసి చూపినప్పుడు, తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని దైవప్రవక్త (స) మింబరు మీది నుండి ప్రశ్నించారు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు ఈ హదీసును మరింత జాగ్రత్తగా చదువుకోవాలి.

ఈ పథకాల్లో మనకు కొంత వెలితిగా తోచేది వాటి పేరే. విధేయత అన్న పదం మన భాషలోనూ, మన ధర్మంలోనూ ఎంతో బరువైనది. మన కోనసీమలోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు, 1841లో జన్మించి 1909లో కన్నుమూసేవరకు, గోదావరి పాయలు దాటి వచ్చిన బాటసారికి కులమతాలు అడగకుండా, వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. మక్కాలో నిజాం పాలకులు ఏర్పాటు చేసిన రుబాత్ పూర్వపు హైదరాబాద్ రాజ్యపు యాత్రికుల ఉచిత వసతి కోసం ఉద్దేశించినది. మన గోదావరి జిల్లాలు ఆనాడు బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉన్నందున ఆ భాగ్యం మనవారికి లేదు. అటువంటి చోట్ల అతిథి రెండవసారి వస్తాడా రాడా అన్న లెక్క ఉండదు. హోటలు వ్యాపారం, దానికి లెక్క ఉంటుంది. అది తప్పు కాదు, ఆ రెండింటినీ ఒకటిగా భ్రమపడకుంటే చాలు.

సభ్యత్వం తీసుకునేవారు ఒక సంగతి గమనించాలి. మన పేరు, చిరునామా, పాస్‌పోర్టు వివరాలు హోటళ్ల కంప్యూటర్లలో చేరుతాయి. 2018 నవంబరులో మారియట్ తన స్టార్‌వుడ్ రిజర్వేషన్ వ్యవస్థలోకి దొంగలు చొరబడ్డారని ప్రకటించింది. తొలుత 50 కోట్ల మంది వరకు అన్న అంచనాను తరువాత 38 కోట్ల రికార్డులకు తగ్గించారు. లక్షలాది పాస్‌పోర్టు నంబర్లు బయటపడ్డాయి. కాబట్టి బ్యాంకు ఖాతాకు వాడే పాస్‌వర్డును దీనికి వాడకండి. సభ్యత్వం పేరుతో ఓటీపీ అడిగే ఫోనుకు జవాబు ఇవ్వకండి.

గది తీసుకునేటప్పుడు సభ్యుని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకోవాలి. మన పేర్లలో షేక్, మొహమ్మద్, బేగం ముందో వెనుకో పడి ఖాతాలు కలవకపోవడం తరచుగా జరుగుతుంది. తాళం తిరిగి ఇచ్చేటప్పుడు బిల్లు అడిగి తీసుకుని, దానిపై సభ్యత్వ సంఖ్య అచ్చయిందో లేదో చూడాలి. రెండు వారాల్లో పాయింట్లు ఖాతాలో చేరకపోతే, ఆ బిల్లును జతచేసి సంస్థకు రాసి అడగవచ్చు. గుంపుగా వెళ్ళినవారు ఆ బిల్లు నకలును నిర్వాహకుని వద్ద అడిగి ఉంచుకోవడంలో మొహమాటం అక్కరలేదు.